ఉప్పు కుప్పల తెలుపు

చూపు మసకబారాక రాయడం మానేశాను. నౌపడ ఉప్పు మళ్ల గట్టున కూర్చుని నేను కవిత చెబితే, నా భార్య అసిరమ్మ ఫోన్‌లో రికార్డు చేస్తుంది.

ఆ సాయంత్రం ఎదురుగా మెరుస్తున్న తెల్లటి ఉప్పు కుప్పల మీద ఒక కవిత చెప్పాను. ఆమె రికార్డింగ్ ఆపి ఫోన్ ఒళ్లో పెట్టుకుంది.

"బాగోనేదేటి?" అన్నాను.

"బాగున్నాది మావా. కానీ వానలొస్తాయని కుప్పలన్నిటికీ తాటాకు కప్పేసి వారమైనాది. తెలుపెక్కడున్నాది?"

నాకు ఒళ్లు మండింది. మళ్లీ కుప్పల వైపు చూశాను. తెల్లగానే ఉన్నాయి. ఆమె ముఖం వైపు తిరిగాను. అదీ తెల్లగానే ఉంది.

"మరి ఇన్నాళ్లూ ఎందుకు సెప్పనేదే?" అన్నాను.

"నిన్న ఖాళీ మళ్లల్లో కొంగలన్నావు. మొన్న ఎర్రటెండలో మంచు అన్నావు. నేను కవిత్వమనుకున్నాను మావా."