రెండు కెమెరాలు, ఒక ఎడమ చెయ్యి

మా ఇంట్లో రెండు కెమెరాలున్నాయి. ఒకటి నాది, ఒకటి నా తోడికోడలిది. రెండూ మిర్రర్‌లెస్ కెమెరాలే, రెండూ ఒకే ఏడాది కొన్నవే. అక్కడితో పోలిక సరి. నేను మ్యూజియంలో పాత వస్తువుల ఫొటోలు తీస్తాను. నాణేలు, కుండపెంకులు, చిల్లుపడిన కంచాలు. అవి కదలవు, విసుక్కోవు, ఫోనొచ్చిందని లేచి వెళ్ళిపోవు. అందుకని నా కెమెరా నిదానమైంది. ఒక్కో ఫొటోలో ఆరు కోట్ల చుక్కలు. నాణెం మీద రాజుగారి మీసంలో వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. నా తోడికోడలు, మా ఇంట్లో చిన్నది, ఆటల పత్రికకి పనిచేస్తుంది. ఈత, పరుగు, కుస్తీ. దాని కెమెరాలో చుక్కలు నాదాంట్లో సగం కూడా ఉండవు గానీ, సెకనుకి ముప్ఫై ఫొటోలు తీస్తుంది. ఎంత పరుగులో ఉన్నా మనిషి కన్ను ఎక్కడుందో అదే వెతికి పట్టుకుంటుంది.

ఏది గొప్పదన్న సంగతి మా ఇద్దరి మధ్యా ఇంతవరకు తేలలేదు. 

"నీ కెమెరాతో పరుగుపందెం తీస్తే, గెలిచినవాడు ఇంటికెళ్ళి స్నానం చేశాక ఫొటో పడుతుందక్కా," అంటుంది చిన్నది. 

"నీ దాంతో తీసింది గోడంత చేస్తే మనిషి మొహం ఇసక పోసినట్టుంటుంది," అంటాను నేను. 

మా అత్తగారు మాత్రం ఇద్దరి గాలీ ఒకేసారి తీసేసింది. మిర్రర్‌లెస్ అంటే ఏమిటని అడిగి, లోపల అద్దం ఉండదని మేం చెప్పగానే, "ఉన్న అద్దం పీకేసి కొత్త రకమన్నారా? మా పని గిట్టనట్టుంది వాళ్ళకి," అంది.

ఆవిడ ఆ మాట అనడానికి హక్కున్న మనిషి. నలభై రెండేళ్ళుగా గాజు ఊదుతోంది. ఇంటి వెనక కొలిమి, ఇంటి ముందు కొట్టు. కరిగిన గాజుని ఇనుప గొట్టం కొసకి చుట్టుకుని, ఊది, తిప్పి, సాగదీసి సీసాలు చేస్తుంది. సన్నటి మెడ, మెడ చుట్టూ మెలి తిరుగుతూ పైకెక్కే తెల్లటి గీత. ఆ సీసా ఒక్కసారి చూసినవాళ్ళు మరిచిపోరు. కాకపోతే చూసినవాళ్ళందరూ అది మా మామగారు చేశారనే అనుకున్నారు. బోర్డు మీద ఆయన పేరు, బిల్లు మీద ఆయన పేరు, కొట్లో నవ్వుతూ కూర్చునేది ఆయన. లోపల చెమటలు కక్కుకుంటూ ఊదేది ఈవిడ. ఆయన పోయి ఆరేళ్ళయింది. పోయినవాళ్ళ మీద కోపం ఉంచుకోకూడదంటారు గానీ, నాకు ఉంది. దాచుకోను కూడా.

రాజధానిలో గాజు వస్తువుల మ్యూజియం ఒకటుంది. నేను పనిచేసేది కాదు, దానికన్నా చాలా పెద్దది. అక్కడ మా సీసాలు మూడున్నాయి, మామగారి పేరుతో. ఆ హాలు కొత్తగా సర్దుతున్నారని, పక్కన పెట్టే పేర్ల చీటీలన్నీ మళ్ళీ అచ్చేస్తున్నారని పేపర్లో వచ్చింది. అది చదివిన రోజు మా అత్తగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, నాతో ఉత్తరం రాయించింది. ఆ మూడూ నేను చేసినవి, నా పేరు పెట్టండి. అంతే, రెండు వాక్యాలు. ఇన్నేళ్ళలో ఆవిడ ఎవరినీ ఏదీ అడగడం నేను చూడలేదు.

జవాబు మర్యాదగానే వచ్చింది. సంతోషం, అయితే ఆధారం కావాలి. అలాంటి సీసానే ఆవిడ స్వయంగా చేస్తున్న ఫొటో ఒకటి, పూర్తయిన అదే సీసాది దగ్గరగా తీసిన ఫొటో ఒకటి పంపితే, తమ దగ్గరున్న మూడింటితో పోల్చి చూస్తామన్నారు. పదిహేను రోజుల గడువు. దాటితే చీటీలు పాత పేరుతోనే అచ్చుకెళతాయి. మళ్ళీ మార్చేది ఏ ఇరవై ఏళ్ళకో.

ఏం పోలుస్తారో నాకు ఆ పూటే అర్థమైంది. ఇలాంటి పనిలో నా కన్నుకి తిరుగులేదు, గొప్పకి చెప్పడం లేదు. వాళ్ళ కేటలాగు తెరిచి చూస్తే, వేరేవాళ్ళు చేసిన మెలిక సీసాలన్నిట్లో తెల్ల గీత కుడివైపుకి ఎక్కుతోంది. మా మూడింట్లోనే ఎడమకి. మా అత్తగారిది ఎడమచేతి వాటం. పటకారు ఎడమచేత్తో పట్టి గాజుని గిల్లుతుంది, కుడిచేత్తో గొట్టం దొర్లిస్తుంది. అందరి పనికీ అద్దంలో నీడలా ఉంటుంది ఆవిడ పని. మామగారు ఏ చేత్తో రాసేవారని మా ఆయన్ని అడిగాను. కుడిచేత్తోనే అన్నాడు.

"ఇక తిరుగులేదు," అన్నాను. "పటకారు ఎడమచేతిలో ఉండాలి, గీత ఎడమకి తిరుగుతూ ఉండాలి, రెండూ ఒకే ఫొటోలో పడాలి. తర్వాత పూర్తయిన సీసా మీద ఆ గిల్లిన గాట్లు స్పష్టంగా కనబడాలి."

"మొదటిది నాది," అంది చిన్నది. "రెండోది నీది."

నిజానికి రెండూ నేనే తీద్దామనుకున్నాను. కానీ కరిగిన గాజు మెలి తిరిగేది నాలుగు సెకన్లు. నా కెమెరా ఆ నాలుగు సెకన్లలో ఒళ్ళు విరుచుకుంటుంది. నోరు మూసుకుని ఒప్పుకున్నాను.

ఇక్కడ ఒక చిక్కుంది. మా అత్తగారి ఎడమ భుజం అరిగిపోయింది. గొట్టం ముట్టుకోవద్దని డాక్టరు ఏడాదిగా చెబుతున్నాడు. ఒక సీసా చేస్తే నాలుగైదు రోజులు చెయ్యి లేవదు. సర్దుకోవడానికి, ఫొటోలు పంపడానికి పోయే రోజులు తీసేస్తే, గడువులోపు మహా అయితే రెండు సీసాలు.

మొదటి సీసా రోజున మా మరిది కొలిమి తలుపు దగ్గర నిలబడ్డాడు, చిన్నది బల్లకి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. అత్తగారు గొట్టం ఎత్తినప్పటి నుంచి దించేదాకా చిన్నదాని కెమెరా చప్పుడు చెయ్యకుండా ఆగి ఆగి తీస్తూనే ఉంది. రెండు వేల ఫొటోలు. అత్తగారు సీసాని చల్లార్చే పెట్టెలో పెట్టించి, భుజం పట్టుకుని కూర్చుంది. ఆ సాయంత్రం కాఫీ కప్పు కుడిచేత్తోనే పట్టుకుంది.

ఫొటోలు పెద్ద తెర మీద వేసి చూశాం. చిన్నదాని మొహం మాడిపోయింది. ఏ ఫొటోలో చూసినా మా అత్తగారి కన్ను అద్భుతంగా ఉంది. రెప్పలకి అంటిన మసి కూడా కనబడుతోంది. పటకారు, చెయ్యి, గాజు మాత్రం మసకమసక. మనిషి కన్ను వెతికి పట్టుకునే ఏర్పాటు ఆపడం మరిచిపోయింది పిల్ల. ఆటగాళ్ళ మొహాలు తీసీ తీసీ అలవాటైపోయి, అలాంటిదొకటి ఉందన్న సంగతే దానికి గుర్తు లేదు.

"రెండు వేలు," అన్నాను. "రెండు వేలల్లో ఒక్కటి కూడా?"

నేను ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. నాణెం తీసేవాళ్ళెవరూ ఇంత పని చెయ్యరన్నాను, వేగం ఒక్కటే ఉంటే సరా అన్నాను, ఇంకా ఏవేవో అన్నాను. అత్తగారు వింటూనే ఉంది.

మర్నాడు సీసా పెట్టెలోంచి బయటికొచ్చింది. ఈ సీసా ఫొటో ఇక పనికి రాకపోయినా, రెండోదానికి రిహార్సల్‌గా ఉంటుందని కొలిమి గదిలోనే బల్ల మీద స్టాండు వేశాను. నా కెమెరాలో ఒక విద్య ఉంది. కదలని వస్తువుని వెంటవెంటనే పదహారు సార్లు తీసి, ఒక్కోసారి వెంట్రుకవాసి జరిపి, అన్నిట్నీ కలిపి ఒక్కటి చేస్తుంది. దాన్ని చూసి చిన్నది కుళ్ళుకోవాలని నా ఉద్దేశం. తెర మీద పెద్దది చేసి చూస్తే సీసా నిండా దోమతెర కప్పినట్టు గళ్ళు. ఒక్క గాటు కూడా ఆనడం లేదు. కొలిమికి గాలి కొట్టే ఫ్యాన్ రోజంతా తిరుగుతూనే ఉంటుంది. దాని అదురు నేలలోంచి స్టాండులోకి, స్టాండులోంచి కెమెరాలోకి ఎక్కింది. మా మ్యూజియంలో నేల అదరదు. పదహారేళ్ళుగా అదరని నేల మీద నిలబడి, అన్ని నేలలూ అంతే అనుకున్నాను.

చిన్నది ఎత్తిపొడుపు మాట ఒక్కటీ అనలేదు. అని ఉంటే నాకు హాయిగా ఉండేది. నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, "అక్కా, పదహారూ మానేసి ఒక్కటే తియ్యి, ఫ్లాష్‌తో. అంత తక్కువ సేపట్లో అదురుకి కూడా వీలు చిక్కదు," అంది. ఈతకొలనులో నీటిచుక్కల్ని అలాగే ఆపుతుందట.

నాకు సిగ్గేసింది. నిన్నటి మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. 

"నువ్వు కూడా మనిషి వైపు గురి పెట్టకు," అన్నాను, గొంతు తగ్గించుకుని. "మెలిక తిప్పేటప్పుడు పటకారు కొస ఎప్పుడూ బల్ల మీద ఒకే చోట ఉంటుంది. ముందే అక్కడ ఒక మేకు నిలబెట్టి, దాని మీద ఫోకస్ కుదిర్చి, కదలకుండా బిగించెయ్యి. నాణేలకి నేను చేసేది అదే."

అత్తగారు గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నట్టుంది. "అయితే ఇంకోటి చేస్తాను," అంది. "ఈసారి నా మొహం అక్కర్లేదు. నా చెయ్యి తియ్యండి."

అయిదు రోజులు ఆగాం. భుజానికి కాపడం పెట్టడం నా వంతు, మందు రాయడం చిన్నదాని వంతు. గడువింక నాలుగు రోజులుందనగా ఆవిడ మళ్ళీ బల్ల దగ్గర కూర్చుంది. ఈ భుజానికి ఇదే చివరి సీసా అని ఎవరూ పైకి అనలేదు గానీ అందరికీ తెలుసు. 

కొలిమిలోంచి గొట్టం బయటికి తీసినప్పుడు కొసన గాజు ముద్ద ఎర్రగా వేలాడుతోంది. ఆవిడ ఊదింది. బుగ్గలు పొంగలేదు, ఊపిరి పొట్టలోంచి వచ్చింది. తెల్లటి గాజు చార నిలువునా అంటించి, మళ్ళీ కాల్చి, బల్ల మీదకి తెచ్చింది. ఎడమచేత్తో పటకారు అందుకుంది. చెయ్యి వణుకుతోంది. పటకారు గాజుని తాకగానే ఆ వణుకు ఆగిపోయింది. ఎలా ఆగిందో నాకిప్పటికీ తెలియదు. కుడిచెయ్యి గొట్టాన్ని దొర్లించింది, తెల్ల చార వంగింది, ఎడమకి తిరిగింది, ఇంకో చుట్టు, ఇంకో చుట్టు. మెడ సన్నగా సాగింది. నాలుగు సెకన్లు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. ఆ క్షణాన ఆవిడ కోడలినని వీధి వీధికీ చెప్పుకోవాలనిపించింది.

చిన్నదాని కెమెరాలో నూట ఇరవై ఫొటోలు పడ్డాయి. ఎనభయ్యో ఫొటోలో అన్నీ ఉన్నాయి. ఎడమచేతి వేళ్ళు, పటకారు కొస, దాని కింద అప్పుడే నొక్కుకుంటున్న గాజు. మర్నాడు ఒకే ఒక్క ఫ్లాష్‌తో నేను సీసా తీశాను. ఆరు కోట్ల చుక్కల్లో ఆవిడ గిల్లిన ప్రతి గాటూ కనబడింది. రెండు ఫొటోలూ పక్కపక్కన పెడితే, అదే గాటు దాంట్లో పుడుతోంది, దీంట్లో చల్లారి ఉంది. ఏ కెమెరా గొప్పదన్న మాట ఆ రోజు మేమిద్దరం ఎత్తలేదు.

నెల తర్వాత జవాబొచ్చింది. మూడు సీసాలూ ఆవిడవేనని ఒప్పుకున్నారు. అంతటితో ఆగలేదు. మా ఫొటోలు పట్టుకుని తమ గోదాములన్నీ గాలించారట. చేసినవారెవరో తెలియదని పక్కన పడేసిన వాటిలో ఎడమకి మెలిక తిరిగినవి ఇంకో ఎనిమిది దొరికాయి. మొత్తం పదకొండూ ఆవిడ పేరుతో, విడిగా ఒక అద్దాల బీరువాలో పెడతామని, ఒక్కొక్కదాని ఫొటో పంపుతున్నామని, సరిచూసి చెప్పమని రాశారు.

నేను ఉత్తరం పైకి రెండుసార్లు చదివాను. చిన్నది కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. మామగారి పేరు ఆ హాల్లోంచి పూర్తిగా పోతోందన్నది నాకు పండగలా ఉంది. అత్తగారు మాత్రం కళ్ళజోడు పెట్టుకుని ఫొటోలు ఒక్కొక్కటే తిరగేసింది. తొమ్మిదోదాని దగ్గర ఆగింది.

"పది నావి," అంది. "ఇది కాదు."

"మెలిక ఎడమకే ఉంది కదా అత్తయ్యా," అన్నాను.

"ఎడమకే ఉంది. మూతి చూడు. ఇంత వంకర మూతి నా చేతిలో ఎప్పుడైనా చూశావా?"

"మరెవరిది?" అంది చిన్నది.

"మీ మామయ్యది. పెళ్ళైన కొత్తలో పని నేర్పమన్నారు. నేను ఏ చేత్తో పడితే ఆయనా ఆ చేత్తోనే పట్టారు. కుడిచేతి మనిషికి తిప్పి చెప్పాలని నాకూ తోచలేదు, కష్టంగా ఉందని ఆయనా అనలేదు. ఏడాది పాటు వేళ్ళు కాల్చుకుని, చేసినవన్నీ పగలగొట్టుకుని, ఈ ఒక్కటీ నిలబెట్టారు. ఇక తనకి రాదని తేలాక, నువ్వు చెయ్యి, నేను అమ్ముతానన్నారు." ఫొటో నా వైపు జరిపింది. "ఆ కొట్టు నిండా నా సరుకే ఉండేది. ఆయన చేసింది ఇదొక్కటే. దీనికి ఆయన పేరే ఉండాలి. రాయి."

నేను కాగితం తీసుకున్నాను. ఆరేళ్ళు మోసిన కోపం ఎక్కడ దించాలో తెలియలేదు. పది సీసాలు ఆవిడవి, తొమ్మిదో ఫొటోలోది ఆయనది అని రాశాను. అత్తగారు ఎలా పోల్చుకుందో కారణం కూడా రాస్తే మంచిదనుకుని కలం ఇంకా కాగితం మీదే పెట్టి ఉంచాను.

అత్తగారు నా చేతి మీద చెయ్యి వేసింది. 

"మూతి వంకరని మాత్రం రాయొద్దు," అంది.