లాలాజీ మణికట్టు మీద మల్లె

మూడోసారి కూడా మా యజమాని లాలాజీ నా అత్తరు పులిసిపోయిందన్నాడు.

"మల్లె అత్తరు దించావా, మజ్జిగ చిలికావా ఛేదీ?" అన్నాడు పనివాళ్లందరి ముందూ. నవ్వారు వెధవలు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇరవై ఆరేళ్లుగా ఈ కన్నౌజ్‌లో పూలు ఉడికించి అత్తరు దించే రాగి దేగు ముందు కూర్చుంటున్నాను. దాని మూతికి మట్టి ఎంత మందంగా మెత్తాలో, మంట ఎప్పుడు తగ్గించాలో నా అరచేతికి తెలుసు. నాకా ఈ మాట!

మా కార్ఖానాలో ఒకటే చట్టం. గంధం నూనెలోకి దిగిన మల్లెను పొద్దున్నే లాలాజీ ఎడమ మణికట్టు మీద ఒక చుక్క రాయాలి. సాయంత్రం దాకా ఆయన వాసన చూస్తూనే ఉంటాడు. ఆయన సరేనంటేనే అది అత్తరు, లేదంటే అగరొత్తుల వాళ్లకి పోతుంది. ఆయన ఒప్పుకునేదాకా ఇంకెవరూ ఒంటికి రాసుకోకూడదు. వాళ్ల నాన్న నాటి నుంచీ అంతే.

చలికాలంలో ఆయనకు పెద్ద జ్వరం వచ్చింది. అప్పటి నుంచీ గుప్పెడు మాత్రలు మింగుతున్నాడు. ఒంటి చెమటే మారిపోయింది. ఆ సంగతి ఆయన ముక్కుకు తప్ప మా అందరి ముక్కులకూ తెలుసు. కానీ పిల్లి మెడలో గంట కట్టేదెవరు? మొదటి దేగు సరుకు పోయినప్పుడే నేను దొంగచాటుగా మోచేతి మడతలో ఒక చుక్క రాసుకున్నాను. సాయంత్రానికి బ్రహ్మాండంగా ఉంది. అయినా నోరు మూసుకున్నాను, లోపల మాత్రం రోజూ ఆయన్ని తిట్టుకున్నాను.

"నాలుగోది కూడా ఇలాగే వస్తే ఇంటికెళ్లి గేదెలు మేపుకో" అన్నాడు.

నాలుగోది దిగిన పొద్దున ఆయన ఎదుటే నా చొక్కా చేయి పైకి మడిచి, ఒక చుక్క రాసుకున్నాను.

"మతి పోయిందేంట్రా?"

"పోయింది లాలాజీ. మీరూ రాసుకోండి."

మొదట ఇద్దరిదీ ఒకటే వాసన, పచ్చి మొగ్గ తుంచినప్పటిది. గంట గడిచేసరికి నా చేతి మీద పువ్వు విచ్చుకుంది. మధ్యాహ్నం రొట్టెల వేళకి తియ్యగా, వెచ్చగా మారింది. పొద్దు వాలేసరికి కింద నుంచి గంధం నెమ్మదిగా పైకొచ్చింది. ఆయన చేతి మీద మల్లె మధ్యాహ్నానికే పులిసింది.

ఆయన నా చేయి వాసన చూశాడు. తన చేయి చూసుకున్నాడు. మళ్లీ నాది చూశాడు.

"మరి మొదటి దేగు?"

"బాగుంది."

"రెండోది?"

"అదీ బాగుంది. మూడోది ఇంకా బాగుంది."

ఆ మూడూ అగరొత్తులైపోయాయి. ఆయన అరుస్తాడనుకున్నాను. అరిస్తే విసరడానికి రెండు నెలలుగా మాటలు నూరి పెట్టుకున్నాను.

"నీకెప్పుడు తెలిసిందిరా?"

"మొదటి దేగుకే."

లాలాజీ చొక్కా చేయి కిందికి లాక్కుని గుండీ పెట్టుకున్నాడు.

"నేనంటే ముసలాణ్ణి, నా ఒళ్లు నాకే తెలియలేదు. నీకు తెలుసు కదా. మూడు దేగుల పూలు ఊరికే ఎలా పోనిచ్చావురా?"

నేనూ నా చొక్కా చేయి కిందికి లాక్కుని గుండీ పెట్టుకున్నాను.