హెర్మీనియా వాళ్ళింటి కుర్చీ

జర్మనీ నుంచి యంత్రాలన్నీ ఓడెక్కి వచ్చాయి గానీ, వాటి ముందు మనిషి కూర్చోవడానికి ఒక కుర్చీ కావాలని ఎవరికీ తోచలేదు. డాక్టర్ అచావల్ గారికైతే అసలే తోచలేదు. పరానా నది ఒడ్డున ఉన్న మా ఊరి విశ్వవిద్యాలయంలో మనస్తత్వ ప్రయోగశాల పెట్టించిన మహానుభావుడు ఆయనే. కొత్త శతాబ్దం పుట్టిన ఆ తొలి రోజుల్లో లోకమంతా అదే పిచ్చి. జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఉందట, అమెరికాలో ఊరికొకటి వెలుస్తోందట, జపానులో కూడా పెట్టారట, మనమేం తక్కువ తిన్నాం? అలా వచ్చింది మా ఊరికి.

గడ్డి చుట్టిన ఆ సామానంతా విప్పి, జర్మన్ కాగితాలు చదువుకుని, తీగలు కలిపి నడిపించింది మాత్రం హెర్మీనియా సుబియావురే. తత్త్వశాస్త్రంలో పట్టా ఉన్న మనిషి. పేరుకు ఆయన సహాయకురాలు. నిజానికి అక్కడి పనంతా ఆమెదే. కుర్చీ లేదని చెబితే డాక్టర్ గారు "చూద్దాంలే అమ్మాయ్" అన్నారు. వారాలు గడిచినా ఆ చూడటం కాలేదు. చివరికి చనిపోయిన తండ్రి కుర్చీని ఇంటినుంచి తెచ్చుకుంది హెర్మీనియా.

"బడిపిల్లల పేపర్లు దిద్దడానికి మీ నాన్న కూర్చునే కుర్చీ అది. దాన్ని తీసుకెళ్ళి పిచ్చాళ్ళ కింద వేస్తావా?" అని తల్లి గొడవపడింది.

"పిచ్చాళ్ళు కాదమ్మా. మామూలు మనుషులు."

అక్కడ జరిగేది చిన్న పని. కుర్చీలో కూర్చున్నవాళ్ళు ఇత్తడి మీటను వేలితో నొక్కి పట్టుకోవాలి. ఎదురుగా ఇనప గోళీ ఒకటి పలక మీద ఠంగుమని పడుతుంది. ఆ చప్పుడు వినగానే వేలు ఎత్తాలి. గోళీకీ వేలికీ మధ్య ఎంత ఆలస్యమైందో పక్కనున్న గడియారం చెబుతుంది. అంతే. ఇందులో తెలివేముంది, తెలివితక్కువేముంది? కానీ డాక్టర్ గారు ఆ గడియారం మీద ఒక గీత గీశారు. గీత దాటితే మందబుద్ధి అన్నారు. పిచ్చాసుపత్రి వాళ్ళను, జైలు వాళ్ళను, రేవులో దిగిన ఇటలీ వాళ్ళ పిల్లలను తెచ్చి కూర్చోబెట్టారు. ఆయన మాత్రం ఒక్కనాడూ ఆ కుర్చీలో కూర్చోలేదు. పంతులమ్మలను తయారుచేసే పాఠశాల పెద్ద దొన్యా బెర్నబేలా ఆ గీత చూసి మురిసిపోయింది. గీత దాటిన పిల్లకు తన బడిలో చోటు లేదని తేల్చేసింది.

కొలోంబాకు చోటు పోయింది అలాగే.

కొలోంబా ట్రావెర్సో ఇటలీలోని జెనోవా నుంచి వచ్చి ఇస్త్రీ చేసి బతికే ఆవిడ కూతురు. పద్నాలుగేళ్ళు. నోట్లో నాలుక లేని పిల్ల గానీ, చేతికి ఏ పుస్తకం చిక్కినా నమిలేస్తుంది. ఆదివారాలు వాళ్ళ లోగిలిలో పాఠాలు చెప్పే హెర్మీనియాకు ఈ సంగతి బాగా తెలుసు. పంతులమ్మ కావాలన్నదొక్కటే ఆ పిల్ల కోరిక. కానీ ప్రయోగశాలలో మెరిసే ఆ ఇత్తడిని చూసి కొలోంబా బిగుసుకుపోయింది. వేలు మెల్లగా, గుడ్డు మీంచి తీసినట్టు తీసింది. గీత దాటింది. "ముందు నాలుగుసార్లు అలవాటు చేయనివ్వండి డాక్టర్ గారూ, జర్మన్ కాగితాల్లో రాసిన పద్ధతి అదే" అని హెర్మీనియా బతిమాలింది. ఆయన చెవిన పెడితేనా!

అలాంటిది, ప్రయోగశాలకు పెద్దల ముందు జరిపే ప్రారంభోత్సవానికి రెండు రోజుల ముందు ఆయనే పిలిచి, "ఆ జెనోవా పిల్లను తీసుకురా. లైప్‌జిగ్ నుంచి డాక్టర్ బ్రాండిస్ వస్తున్నారు, ఆయన ముందు చేయిద్దాం" అన్నారు. హెర్మీనియా పొంగిపోయింది. మళ్ళీ పరీక్ష పెడతారని, ఈసారి చోటు దొరుకుతుందని వెళ్ళి కొలోంబా తల్లికి చెప్పింది. ఆ తల్లి కూతురి తెల్ల ఏప్రనుకు గంజి పెట్టి కత్తిలా ఇస్త్రీ చేసింది. పెద్దవాళ్ళకు ఇవ్వమని పాలకూర, గుడ్లు పెట్టి పెద్ద రొట్టె కాల్చి పళ్ళెంతో సహా పంపింది.

ప్రారంభోత్సవం నాడు ఆ రొట్టె సభలో బల్ల మీదికి చేరింది. పెద్దమనుషులు ముక్కలు తీసుకున్నారు. ఎవరు పంపారని ఒక్కరూ అడగలేదు. డాక్టర్ అచావల్ కొలోంబాను కుర్చీలో కూర్చోబెట్టి, భుజం మీద చేయి వేసి సభవైపు తిరిగారు.

"చూడండి, మందబుద్ధి రకానికి ఇంతకన్నా మంచి నమూనా దొరకదు. ముఖం చూస్తే చలాకీగానే ఉంటుంది, మోసపోకండి. గడియారం మోసపోదు. ఇలాంటివాళ్ళు ఓడలకొద్దీ దిగుతున్నారు మన రేవులో."

పిల్ల అక్కడే కూర్చుని వింటోంది! చెవులున్న పిల్ల, స్పానిష్ తెలిసిన పిల్ల! హెర్మీనియాకు ఒళ్ళంతా మండిపోయింది. పరీక్ష కోసం కాదన్నమాట. సంతలో పశువులా చూపించడానికి పిలిపించారు. పిలుచుకొచ్చింది తనే. గోళీ పడింది. కొలోంబా వేలు మళ్ళీ మెల్లగా, ఆలస్యంగా లేచింది. దొన్యా బెర్నబేలా రొట్టె నములుతూ "అయ్యో పాపం" అంది.

అప్పుడు ఆ జర్మన్ అతిథి, మనసులో ఏమీ పెట్టుకోకుండానే, వచ్చీరాని భాషలో అడిగాడు. "బాగుంది. మరి మీ లెక్క ఎంత, డాక్టర్?"

"నా లెక్కా?"

"మా దగ్గర అందరూ కూర్చుంటాం కదా. ఇవాళ నేను కూర్చుంటే మీరు చూస్తారు, రేపు మీరు కూర్చుంటే నేను చూస్తాను. వంతులు. నా లెక్క మా ఆఫీసు బంట్రోతుకు కూడా తెలుసు!" అని తనే నవ్వాడు.

ఎవరూ నవ్వలేదు. సముద్రం దాటించి పెట్టెలన్నీ తెప్పించారు గానీ, ఆ ఒక్క అలవాటును అక్కడే వదిలేసి వచ్చారు మావాళ్ళు. ఆ కుర్చీ అంటే పళ్ళు పీకించుకునే కుర్చీ లాంటిదని, కింది మనుషుల కోసమని అనుకున్నారు.

హెర్మీనియా ముందుకు వచ్చింది. "లే కొలోంబా. డాక్టర్ గారి వంతు."

"ఇప్పుడెందుకమ్మాయ్..."

"కూర్చోండి డాక్టర్ గారూ. అతిథి అడుగుతున్నారు."

మింగలేక కక్కలేక కూర్చున్నారు. మీట మీద వేలు పెట్టారు. గోళీ ఠంగుమంది. ఆయన ఉలిక్కిపడి గోళీని చూశారు, గడియారాన్ని చూశారు, ఆ తరువాత వేలు ఎత్తారు. హెర్మీనియా గట్టిగా చదివింది. గీతకు అవతల. కొలోంబా కన్నా అవతల.

"గోళీ సరిగ్గా పడలేదు. మళ్ళీ!"

మళ్ళీ వేసింది. ఇంకా అవతలికి పోయింది. శకునం చెప్పే బల్లి కుడితిలో పడటమంటే ఇదే.

ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, న్యాయం జరుగుతుందనుకుంది హెర్మీనియా. డాక్టర్ గారు వెనక్కి వాలి, చేతులు రెండూ కుర్చీ చేతుల మీద పరుచుకుని హాయిగా నవ్వారు.

"సహజమే కదా! చదువుకు అలవాటైన బుర్ర ఆలోచిస్తుంది. దేన్నైనా తూచి చూస్తుంది. పిల్లి ఉలిక్కిపడినట్టు ఉలిక్కిపడదు."

"ఆహా, ఎంత లోతైన బుద్ధి!" అంది దొన్యా బెర్నబేలా. చప్పట్లు మోగాయి. మంత్రిగారు పంపిన మనిషి కూడా కొట్టాడు.

"అయితే ఈ పిల్లది కూడా లోతే," అంది హెర్మీనియా. చప్పట్ల మధ్య ఆమె గొంతు గరుకుగా వినిపించింది. "ఆయనకు లోతు, ఈమెకు మాంద్యమా? ఒకే గోళీ, ఒకే గడియారం! దొన్యా బెర్నబేలా, కొలోంబాకు మీ బడిలో చోటివ్వండి. లేదంటే డాక్టర్ గారు కూడా మందబుద్ధేనని ఇక్కడే ఒప్పుకోండి."

"నోరు అదుపులో పెట్టుకో తల్లీ. ఆయనెక్కడ, ఇస్త్రీదాని కూతురెక్కడ?"

హెర్మీనియా జర్మన్ అతిథి వైపు చూసింది. ఆయన తల దించుకుని, "ఇది మీ ఇంటి వ్యవహారం" అని గొణిగాడు. అడగడం వరకే ఆయన ధైర్యం.

"బాగా అలిసిపోయావు అమ్మాయ్. ఇంటికి వెళ్ళి పడుకో," అన్నారు డాక్టర్ గారు, ఇంకా వాలి కూర్చునే.

"వెళ్తాను. లేవండి."

"ఏమిటి?"

"లేవండి. ఆ కుర్చీ మాది. మా నాన్నది."

ఆయన సభంతా చూస్తుండగా లేచారు. లేచి, ఎక్కడ నిలబడాలో తెలియక పక్కకు జరిగారు. హెర్మీనియా కుర్చీని ఎత్తుకుంది. అంతవరకు ఒక్క మాట మాట్లాడని కొలోంబా అప్పుడు బల్ల దగ్గరికి నడిచింది. దొన్యా బెర్నబేలా ఇంకో ముక్క కోసం చాచిన చేతి కిందనుంచి రొట్టెతో సహా పళ్ళెం లాక్కుంది.

"పళ్ళెం మా అమ్మది. అడుగుతుంది."

ఇద్దరూ కుర్చీని చెరోవైపు పట్టుకుని వీధిలో నడిచారు. రొట్టె పళ్ళెం కుర్చీలో కూర్చుని వచ్చింది.

"సెన్యోరీటా, గోళీ పడటం నాకు వెంటనే వినిపించింది. మీట విరిగితే మా అమ్మను కట్టమంటారని మెల్లగా తీశాను."

"తెలుసు కొలోంబా."

"మీ ఉద్యోగం పోతుందా?"

"పోయే ఉంటుంది ఈపాటికి. పోనీ! నువ్వు విను. బడిలో చేరకుండానే బయటినుంచి వచ్చి పరీక్ష రాయొచ్చు, చట్టంలో ఉంది. డిసెంబరులో రాస్తావు. అక్కడ ప్రశ్నలే అడుగుతారు, గోళీలు వెయ్యరు."

హెర్మీనియా ఇంటికి చేరాక ఆమె తల్లి గుమ్మంలోనే కుర్చీని తడిమి చూసుకుంది. "వదిలారా మహారాజులు?"

"వదిలారమ్మా."

కుర్చీ తన పాత చోటుకు, భోజనాల బల్ల దగ్గరికి చేరింది. హెర్మీనియా వ్యాకరణం పుస్తకం తెరిచి, "కూర్చో, ఇవాళే మొదలుపెడదాం" అంది. కొలోంబా కుర్చీని చూసింది. ఏప్రను అంచును వేళ్ళతో నలిపింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నేను నిలబడే చదువుకుంటాను సెన్యోరీటా. దాంట్లో వద్దు."

హెర్మీనియా పుస్తకం మూసింది. తన తండ్రి కుర్చీని ఎంత పాడుచేశారు దుర్మార్గులు! డాక్టర్ గారిని కుర్చీలోంచి లేపి గెలిచానని దారి పొడవునా పొంగిపోయింది. గెలుపు ఎక్కడుంది? కుర్చీని లాగి తనే కూర్చుంది. పుస్తకం కొలోంబా చేతికిచ్చింది.

"సరే. వంతులు. ముందు నా వంతు. నువ్వు అడుగు, నేను చెబుతాను."

కొలోంబా ముక్కు తుడుచుకుంది. పేజీలు తిప్పి తిప్పి, అన్నిటికన్నా కష్టమైన ప్రశ్నే వెతికి అడిగింది.