నాలుగు నూర్ల తేడా

కృపమణి చెప్పులు విడిచి, చేతిసంచి మొగుడికిచ్చి, చీర కుచ్చిళ్లు కొంచెం పైకి పట్టుకుని తూకం మీద నిలబడింది. అంకె నిలిచేదాకా ఊపిరి బిగబట్టింది. అలా చేస్తే బరువు తగ్గుతుందని ఆమెకెవరూ చెప్పలేదు. అయినా మంగళ, శుక్రవారాల్లో కర్నూలు పెద్దాసుపత్రి డయాలసిస్ గదిలో ఆమె చేసే మొదటి పని అదే.

లాజరు ఆ అంకెను నర్సుకన్నా ముందే చదివాడు. కోసిగి నుంచి వలస వచ్చి ఆదోని పత్తి మార్కెట్‌లో పత్తి నింపిన బోరాలు మోసి, కుట్టి, తూకం వేయించి పెరిగిన మనిషి. ఎక్కువ తక్కువలు అతని కంటి నుంచి తప్పించుకోవు.

"రెండున్నర కిలోలు నీరెక్కినావు," అన్నాడు. "నిన్న మజ్జిగ తాగినావు."

"ఒక్క గుక్క."

"గుక్క యాడ, గ్లాసుడు."

ఆమె నవ్వుతూ మంచమెక్కింది. మోచేతి కింద ఉబ్బిన నరం చూపించి, సూది దిగేటప్పుడు మాత్రం ముఖం గోడ వైపు తిప్పుకుంది. లాజరు నిలబడి చూశాడు. బోరాలు మోసిన అతని కుడి భుజం ఎడమదానికన్నా రెండంగుళాలు కిందికి దిగిపోయి ఉంటుంది. బొటనవేలి మీద దబ్బనం పొడిచి పొడిచి కాయగట్టిన చోట చర్మం పగిలి, నల్లటి గీతలా నిలిచిపోయింది. మెట్లెక్కి వచ్చినందుకు నుదుట చెమట పట్టింది. ఈ మధ్య సగం మెట్ల దగ్గర ఆగి, కిటికీలోంచి బయటికి చూస్తున్నట్టు నిలబడి మళ్లీ ఎక్కుతున్నాడు. గ్యాసు అనుకుని వాము నములుతున్నాడు.

బోరాలు కుట్టే చేయే అతన్ని యూనివర్సిటీకి తెచ్చింది. పరీక్షల విభాగంలో జవాబు పత్రాల కట్టలను గుడ్డలో చుట్టి, కుట్టి, లక్క పోసి సీలు వేయాలి. కుట్టు వదులైతే కట్ట దారిలో విడిపోతుంది. ముందు రోజుకూలీగా చేరాడు. ఏళ్ల తరబడి అర్జీలు పెట్టుకుంటే పర్మనెంటు చేశారు. ఆ ఆర్డరు చేతికందేసరికి పాత పింఛను మూసేశారు, కొత్త పింఛను వచ్చింది. తనకన్నా ఒక ఏడాది ముందు ఆర్డరు అందుకున్నవాడికి చచ్చేదాకా సగం జీతం, చచ్చాక పెళ్లానికి కుటుంబ పింఛను. లాజరుకు మాత్రం నెలనెలా జీతంలోంచి కోసి, సర్కారు కొంత కలిపి జమచేసిన మూట. పంట ఒకటే, గిట్టుబాటు వేరు. అతడు దాన్ని ఎవరి మీదా నేరంగా వేయలేదు. సంతకు ఆలస్యంగా వెళ్లినవాడికి మిగిలిన సరుకే కదా దొరికేది అని సరిపెట్టుకున్నాడు.

ఐదు నెలల కిందట రిటైరయ్యాడు. శాలువా కప్పారు, దండ వేశారు, యూనివర్సిటీ జీపులో ఇంటి దగ్గర దించారు. మూటలో పెద్ద వాటా చేతికిచ్చారు. అది కృపమణి జబ్బుకు తెచ్చిన అప్పులకు, ఆదోనిలో కూతురు ఆరాధన ఇంటి కప్పుకు చెల్లిపోయింది. మిగిలిన వాటాను బీమా కంపెనీలో పెడితే నెలనెలా పింఛను వస్తుంది. దానికి రకరకాల పద్ధతులున్నాయని పింఛన్ల సెక్షన్‌లో రంగస్వామి అనే సూపరింటెండెంటు ఓపిగ్గా చెప్పాడు. ఒక పద్ధతిలో నువ్వు బతికున్నంత కాలం ఇంత. నువ్వు పోతే అంతటితో సరి. ఇంకో పద్ధతిలో నాలుగు వందలు తక్కువ, కానీ నువ్వు పోయాక నీ భార్యకు అదే పింఛను ఆమె ఉన్నన్నాళ్లూ వస్తుంది. చెప్పేది చెప్పి రంగస్వామి కాసేపు పెన్ను మూత తిప్పుతూ కూర్చున్నాడు. మీ ఇంట్లో పరిస్థితి మీకే తెలుసు లాజరూ అని మాత్రం అన్నాడు.

పరీక్షల విభాగంలో కుట్టుపనికి తోడుండే మహానంది అంత మర్యాద పాటించలేదు. వదినకు వారానికి రెండుసార్లు మిషను పెడుతున్నారు, ఆమె కోసం నెలనెలా నాలుగు వందలు వదులుకోవడం ఏం బేరమని అడిగాడు. కృపమణి కూడా అదే అంది. నన్ను లెక్కలో వేసుకోవద్దు, నీకొచ్చేది పెద్దదిగా రానీ, ఆ తేడా నా ఆటో ఖర్చుకైనా పనికొస్తుంది అని. ముగ్గురి లెక్కా ఒకటే తేలింది. లాజరు సంతకం చేశాడు. పోయిన నెల పింఛను బాండు ఇంటికొచ్చింది.

ఆ శుక్రవారం పొద్దున నర్సు గొట్టాలు సర్ది, మిషను మీద అంకెలు నొక్కి, పోతూ పోతూ అంది: "మీ ఆమెకు బాగుండాది పెద్దాయనా. నీళ్ల కాడ జాగ్రత్తగా ఉంటే పదేండ్లయినా లాగుతాది. అదో, ఆ మూల మంచమామె తొమ్మిదేండ్ల నుంచి వస్తాంది."

లాజరు మూల మంచం వైపు చూశాడు. ఒక ముసలామె కళ్లజోడు పెట్టుకుని, ఒంటిచేత్తో చిక్కుడుకాయలు ఈనె తీసుకుంటోంది.

సంతోషం రావలసింది. అది వచ్చేలోపు, అయ్యో లెక్క తప్పింది అన్న మాట అతని మనసులో మెదిలింది. ఆ మాట తన లోపలి నుంచే వచ్చింది. పెళ్లాం పదేళ్లు బతుకుతుందంటే నష్టం వచ్చినట్టు అనిపించిన మనిషి తను. ఆసుపత్రి కాగితాలతో పాటు సంచిలోనే తిరుగుతున్న బాండు బయటికి తీశాడు.

"బాండు మార్చుకొని వస్తా," అన్నాడు.

"ఏంటికి?"

"చేతికొచ్చిన నెల లోపల వద్దని తిప్పిచ్చి, ఇంకో పద్ధతి అడగొచ్చంట. రంగస్వామి సారు చెప్పినాడు. సోమవారం దాకా టయముండాది."

కృపమణి సూది గుచ్చిన చేయి కదలకుండా తలొక్కటే తిప్పింది. "ఇన్నేండ్లు లెక్క చూసి చూసి, ఇప్పుడు నష్టానికి పోతాండావే. నెలకు నాలుగు నూర్లు. ఊరికే వస్తాయా దుడ్లు?"

"నువ్వు ముందు పోతావని రాసిచ్చినా కదమ్మే నేను."

"నేనే గదా చెప్పింది పోతానని."

"నువ్వు చెప్తే? సంతకం నాది."

"నువ్వేమన్నా పాస్టరయ్యవా, ఎవరు ముందో చెప్పనీకి?" అని నవ్వబోయి, అతని ముఖం చూసి ఆపేసింది. తర్వాత, తన పేరు చేర్చాలంటే అడుగుతారని, సంచిలోంచి తన ఆధార్ కార్డు తీసుకోమంది. మనసెందుకు మార్చుకుందని అతడడగలేదు. అడిగితే మళ్లీ వద్దంటుందని భయం. మిషను తిరుగుతూనే ఉంది. పక్కింటామె వచ్చి నిన్ను ఇంటికి తీసుకుపోతుందని చెప్పి, బాండు చంకలో, కార్డు చొక్కా జేబులో పెట్టుకుని మెట్లు దిగాడు.

నేరుగా బీమా ఆఫీసుకు వెళ్లి ఉంటే సరిపోయేది. కానీ పరీక్షల కాలం కావడంతో యూనివర్సిటీ అతన్ని మళ్లీ రోజుకూలీ మీద పిలిచింది. మొదలుపెట్టిన చోటికే వచ్చి నిలబడ్డానని అతడు నవ్వుకున్నాడు గానీ, పిలుపుకు బతిమాలించుకోలేదు. పనికి పోని రోజంటే కూలి పోయిన రోజు. పత్తి మార్కెట్‌లో నేర్చిన మొదటి పాఠం అది, దాన్ని అతడు చంకలో బిడ్డ జ్వరంతో ఉన్న రోజున కూడా తప్పలేదు. మధ్యాహ్నం భోజనాల వేళ పోదాంలే అనుకుని పరీక్షల విభాగం మెట్లెక్కాడు.

ఆ గదిలో లక్క కాలిన వాసన, కొత్త గుడ్డ గంజి వాసన కలిసి ఉంటాయి. కట్టను మోకాళ్ల మధ్య ఇరికించుకుని, గుడ్డ అంచులు రెండూ మడిచి, పురికొస గట్టిగా లాగుతూ కుట్టుకుపోయాడు. ప్రతి లాగుడుకూ ఎడమ రెక్కలో బరువు వేలాడదీసినట్టుంది. మహానంది లక్క కరిగించి పోస్తున్నాడు. లాజరు బాండు మారుస్తానన్నాడు. మహానంది ఇత్తడి సీలు అదిమి, ఊది, "వదినకు బాగైందాన్నా?" అని అడిగాడు.

"బాగుంటాదంట."

"అయితే మార్చుకోవల్లలే," అన్నాడు మహానంది, తను చెప్పిన బేరం తనకే చేదైనట్టు తలొంచుకుని.

భోజనాల వేళ లాజరు అన్నం గిన్నె తెరవకుండా గేటు దగ్గర శిల్ప నడిపే జెరాక్స్ కొట్టుకు వెళ్లాడు. ఎండకు తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. హాల్‌టికెట్ల కోసం పిల్లలు గుంపుగా ఉన్నారు. తన వంతు వచ్చేసరికి చాలాసేపైంది. శిల్ప మొదట బాండు పేజీలు, తర్వాత కృపమణి కార్డు అద్దం మీద పెట్టి నకళ్లు తీసింది. బీమా ఆఫీసు ఎంత దూరమని అడిగితే, నది వైపు రెండు ఆటోలు మారాలని, పోయి రావడానికి పూట పడుతుందని చెప్పింది. అప్పుడే మహానంది రోడ్డుకు అడ్డంగా వచ్చాడు. లారీ ముందే వస్తోందట, ఇంకా ఒక గోడ పొడవునా కట్టలున్నాయట, సగం పూట పోతే కూలి కూడా సగమేనని క్లర్కు చెప్పమన్నాడట.

లాజరు ఎండలో నిలబడి రెండు వైపులా చూశాడు. ఒక వైపు ఆటోలు, ఒక వైపు గేటు. గడువు సోమవారం దాకా ఉంది. శని, ఆదివారాలు ఆఫీసు మూసి ఉంటుంది; సోమవారం పరీక్ష లేదు, ఆ పొద్దున్నే పోతే కూలీ పోదు, బాండూ మారుతుంది. రెండూ దక్కే బేరాన్ని అతడు జీవితంలో ఎప్పుడూ వదులుకోలేదు. శిల్ప చేతిలోని కాగితాల కట్ట తీసుకుని, చంకలో పెట్టుకుని, మహానంది వెంట గేటులోకి నడిచాడు. వాళ్లు గేటు దాటకముందే కొట్టులో కరెంటు పోయింది.

కట్టలన్నీ లారీ ఎక్కేసరికి ఎండ గోడ దిగింది. ఆఖరి కట్టను అందించి లాజరు కొంచెంసేపు కూర్చుంటానన్నాడు. గదిలో ఎత్తు బల్ల పక్కన, గుడ్డ ముక్కల కుప్ప మీద, గోడకు వీపు ఆనించి కాళ్లు చాపుకున్నాడు. మహానంది సోడా తెద్దునా అన్నాడు. వద్దన్నట్టు చేయి ఊపాడు. మహానంది కింద క్లర్కు దగ్గర ఇద్దరి కూలీ లెక్క చూసుకుని పైకి వచ్చేసరికి అతడు నిద్రపోతున్నట్టున్నాడు. నిద్రపోనీలే అని చీపురు తీసుకుని గది ఊడ్చాడు. లాజరు కాళ్ల దగ్గరికి వచ్చి, కాళ్లు తియ్యన్నా అన్నాడు. రెండోసారి అన్నాడు. మూడోసారి అనలేదు.

మరుసటి దినం సమాధుల తోటలో పాస్టరయ్య ప్రార్థన చేశాడు. ఆరాధన ఆదోని నుంచి పిల్లలతో వచ్చింది. రంగస్వామి వచ్చి బాండు చూసి, మళ్లీ మడిచి, మడిచిన చోట వేలితో రుద్దాడు. కంపెనీ నుంచి ఇక ఏమీ రాదని చెప్పేశాడు. మహానంది ఏడ్చాడు. సోమవారం మారుస్తానన్నాడు వదినా, నేనే వెనక్కి పిలుచుకొస్తి అన్నాడు.

కృపమణి కళ్లు పొడిగా ఉన్నాయి. "నేనే చెప్పింటి, నన్ను లెక్కలో ఏసుకోవద్దని," అంది. తర్వాత, మంగళవారం ఆసుపత్రికి తోడు ఎవరొస్తారని అడిగింది.

రెండు రోజులు కరెంటు లేక మూసిన కొట్టును, కరెంటు వచ్చాక సోమవారం పొద్దున శిల్ప తెరిచింది. మొదటి కాగితం పెట్టబోయి మూత ఎత్తితే అద్దం మీద బోర్లా ఒక ఆధార్ కార్డు ఉంది. పేరు చదివింది, ఎవరిదో గుర్తుకు రాలేదు. మరిచిపోయినవాళ్లు అడగవస్తారని దాన్ని కొట్టు ముందున్న తీగకు క్లిప్పుతో తగిలించింది. ఫ్యాను గాలికి కార్డు ఒకసారి ముఖం వైపు, ఒకసారి వీపు వైపు తిరుగుతూ వేలాడుతోంది.