కవాతులో నేలకందని తుపాకీ

నేను ఒక పొట్టి తుపాకీని. బుల్‌పప్ అంటారు గానీ మా వంశంలో ఎద్దూ లేదు, కుక్కపిల్లా లేదు. మిగతా తుపాకులకు ట్రిగ్గర్ ముందుండే తూటాల పెట్టె నాకు వెనక, భుజం దగ్గర ఉంటుంది. అందుకే గొట్టం తగ్గకుండానే జానెడు పొట్టినయ్యాను. నన్ను గీసిన ఇంజనీరు పరాంకుశంగారి జుట్టు నెరిసేలోగా పుడదామనుకున్నాను. కమిటీల పుణ్యమా అని అది రాలిపోయాక పుట్టాను.

పరీక్షకని నన్ను సరిహద్దు గస్తీలో ఉన్న హవల్దారు ఎర్రంనాయుడి చేతికిచ్చారు. ఆముదాలవలస మనిషి. వ్యానులో కూర్చుంటే పాత పొడుగు తుపాకీ ఆయన మోకాలినీ, పక్కవాడి గడ్డాన్నీ పక్షపాతం లేకుండా పొడిచేది. నేను మాత్రం ఒళ్లో పసిపిల్లలా ఒదిగాను.

ఒక మలుపులో మాటేసినవాళ్లు కాల్పులు మొదలెట్టారు. పొడుగు తుపాకులు తలుపులో ఇరుక్కుని పెనుగులాడుతుంటే, నాయుడు నాతో కిందికి దూకాడు. నేను పేలాను. వెనకున్నవాళ్లంతా ప్రాణాలతో దిగారు.

"ఇది నా సిన్నదిరా, ఎవులికీ ఇవ్వను!" అన్నాడు నాయుడు.

నన్ను సైన్యమంతటికీ ఇవ్వాలో వద్దో తేల్చడానికి పెద్దలొచ్చారు. గురి ఒక్కటీ తప్పలేదు. ఆఖరున కవాతు పెట్టారు. తుపాకీ మడమ నేలకానించి నిటారుగా నిలబడాలి, అది ఆచారం. నాయుడు నిటారుగా నిలబడితే నా మడమ గాలిలో వేలాడింది. నేలకానిస్తే ఆయన వంగిపోయాడు.

"ఏమయ్యా, జెండా ముందు గుండీ వెతుక్కుంటున్నావా?" అన్నారు బ్రిగేడియర్‌గారు. ఆయనా మన తెలుగువారే.

"తప్పు దీనిది కాదు సార్. కవాతునే కాస్త మార్సుకుంటే పోద్ది."

"కవాతునా? తాతలనాటిదయ్యా అది!"

కాబట్టి నన్నే మార్చారు. పరాంకుశంగారి చేతే నా మడమకు జానెడు కర్ర బిగించారు. కవాతు అద్భుతంగా జరిగింది. తర్వాత వ్యాను ఎక్కిస్తే తలుపులో ఇరుక్కున్నాను.

"పాతదానంత పొడుగే ఉందే! మరి కొత్తదెందుకు?" అని పెద్దలు నన్ను కొట్టిపారేశారు. నా గురి ఎన్నడూ తప్పలేదు, వాళ్లకే నా మీద గురి కుదరలేదు. నాయుడి ఒళ్లోకి మళ్లీ పాత పొడుగుదే వచ్చింది.

ఇప్పుడు రెజిమెంటు మ్యూజియంలో, అద్దాల పెట్టెలో, కర్రతో సహా నిలబడి ఉన్నాను. మొన్న నాయుడు చూడ్డానికొచ్చాడు. కుంటుతున్నాడు. అదే మలుపులో మళ్లీ మాటేశారట. ఆ పొడుగుదాన్ని తలుపులోంచి లాక్కునేలోగా తొడలో తూటా దిగిందట.

అద్దం మీద చెయ్యి ఆనించి నవ్వాడు. "సూసినావా సిన్నదానా, ఇద్దరికీ కర్ర తగిలించీసినారు."

అలవాటు ఎక్కడికి పోతుంది? వెళ్లేముందు నా ఎదుట కవాతు భంగిమలో నిలబడ్డాడు. ఈసారి ఆయన చేతికర్ర నేలకు సరిగ్గా ఆనింది.