అరవై మీద ఆడిన పిల్ల

ఇంట్లో ఆమెను అందరూ నత్త అనే పిలుస్తారు. చేయి మందం అని నాన్న పెట్టిన పేరు. ఆ పాపం మనకెందుకు గానీ, చెల్లెలు అందాం.

నాన్నది టీవీలు, రేడియోలు బాగుచేసే కొట్టు. లోపల పని బల్ల అన్నయ్యది, ముందు కౌంటరు చెల్లెలిది. పద్దెనిమిదేళ్ళుగా ఇదే వరస. అన్నయ్య భోజనానికి వెళ్ళగానే అతను చెడగొట్టిన తీగల అతుకులన్నీ చెల్లెలే విప్పి మళ్ళీ వేస్తుంది, అదీ భయం భయంగా, మూడేసి సార్లు చూసుకుని. పేరు మాత్రం ఆయనగారిది! వచ్చే నెల నుంచి నాన్న ఇంటిపట్టున ఉంటాడట, కొట్టు అన్నయ్య చేతిలో పెడతాడట. కొత్త బోర్డు రాయడానికి పెయింటరుకు కబురు కూడా వెళ్ళింది.

ఇంతలో డ్రాయింగ్ మాస్టారు ఒకాయన పాత వీడియోగేమ్ పెట్టె పట్టుకొచ్చాడు. కొన్ని దేశాల టీవీలు సెకనుకు యాభైసార్లు బొమ్మ గీస్తాయి, కొన్ని అరవైసార్లు; ఆట వేగమూ దాన్ని బట్టే. ఆయన దగ్గర రెండు రకాల ఆటలూ ఉన్నాయి. ఎటు కావాలంటే అటు మార్చుకునే స్విచ్చి పెట్టమన్నాడు. పరాయి వస్తువు మీద చేయి పెట్టేముందు మన దాని మీద చూసుకుందామని, మర్నాడు పొద్దున్నే చెల్లెలు అటక మీంచి తమ చిన్ననాటి పెట్టె దించి మూత విప్పింది.

లోపల స్విచ్చి అప్పటికే ఉంది.

వెనక గాలి కంతల్లోంచి పుల్లతో కదిపేంత చిన్నది. ఒకవైపు నెడితే యాభై. ఆట నింపాదిగా నడిచింది, బొమ్మకి పైనా కిందా నల్లపట్టీలు. రెండోవైపు అరవై. బొమ్మ తెర నిండా వచ్చింది, ఆట పరుగో పరుగు. చెల్లెలికి ఒళ్ళు మండిపోయింది. మండదా మరి!

ఆమెకు పద్నాలుగేళ్ళప్పుడు, సెలవుల్లో, ఈ పెట్టె మీదే నాన్న పోటీ పెట్టాడు. పైనుంచి రాళ్ళు పడుతుంటే తప్పించుకునే ఆట. ఎవరి చేయి చురుకైతే పని బల్ల వాళ్ళదే అన్నాడు. నెల్లాళ్ళు ఆడారు, ఒక్కరోజూ పిల్ల గెలవలేదు. అన్నయ్య వంతు వచ్చినప్పుడల్లా నల్లపట్టీలు. అడిగితే, "టీవీ వేడెక్కింది" అన్నాడు నాన్న. "నా వంతులో పాట గబగబా వస్తోంది నాన్నా" అంటే, "భయానికి అలా వినిపిస్తుందిలే" అన్నాడు. పిచ్చి పిల్ల నమ్మింది. తన చేతుల్నే తిట్టుకుంది.

పెట్టె చంకన పెట్టుకుని విసవిసా కొట్టుకు నడిచింది. అన్నయ్య ముందు బల్ల మీద దబ్బున పెట్టింది.

"ఎంత పని చేశావు అన్నయ్యా! సిగ్గులేదూ?"

అన్నయ్య లోపలికి తొంగి చూశాడు. మొహం తెల్లబోయింది.

"ఒట్టు, నాకు తెలీదే! అప్పటికి నాకు తీగ అతికించడమే రాదు."

ఇప్పటికీ సరిగా రాదు, అది వేరే సంగతి. చెల్లెలు అతుకును దగ్గరగా చూసింది. గుండ్రంగా, నున్నగా, వంక పెట్టడానికి లేకుండా ఉంది. ఆ ఇంట్లో అలాంటి అతుకు వేయగలిగేవాళ్ళు ఇద్దరే, అందులో ఒకరు తను. తలెత్తి, మూల కుర్చీలో పేపరు చదువుతున్న నాన్న వైపు చూసింది.

నాన్న పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"నువ్వు గెలుస్తావని తెలిసే ఆ స్విచ్చి పెట్టానమ్మా. వాడికి ఇంకే పనీ అబ్బదు. నీకైతే ఏదైనా వస్తుంది కదా అని."

ఎంత చల్లగా చెప్పాడో చూడండి! పని వచ్చినందుకు శిక్షట!

"పద్దెనిమిదేళ్ళు నాన్నా," అంది చెల్లెలు. "నా చేతులు ఎందుకూ పనికిరావనుకున్నాను."

"అయిందేదో అయింది. ఇద్దరూ మళ్ళీ ఆడండి. ఈసారి ఇద్దరికీ ఒకే వేగం. గెలిచినవాళ్ళదే బల్ల. న్యాయమేగా?"

"న్యాయమా! ఇంకా నాకు పరీక్షలా? ఈ కొట్టులో పాడైన పనులన్నీ ఎవరు సరిచేస్తున్నారో అన్నయ్యనే అడుగు!"

నాన్న కొడుకు వైపు చూశాడు. అన్నయ్య తల దించుకున్నాడు.

"చెల్లెలే నాన్నా. నాకు మొదట్నుంచీ తెలుసు."

తెలుసట! తెలిసీ ఇన్నేళ్ళూ నోరు మెదపలేదు. చెల్లెలు బల్ల చుట్టూ తిరిగి అతని పక్కకు వచ్చి నిలబడింది.

"లే అన్నయ్యా," అంది.

అన్నయ్య లేచాడు.