పెద్దపిల్ల కార్డు

2004 మార్చి 9, మంగళవారం, ఉదయం పదింబావుకి విశాఖపట్నం విమానాశ్రయంలో సెక్యూరిటీ గేటు ముందు ఆరేళ్ల సాయిదుర్గని ఆపారు. తండ్రి గురువులు చూపించిన కార్డు ఆ పిల్లది కాదు.

హైదరాబాదు విమానం పది యాభైకి.

గురువులు జాలరిపేట మనిషి, వేట చేసుకుని బతుకుతాడు. ఇద్దరు ఆడపిల్లలు. ఇద్దరికీ పుట్టుకతోనే గుండె నెమ్మది. ఇద్దరికీ కడుపు దగ్గర చర్మం కింద పేస్‌మేకర్ పెట్టి, ఆ మిషను వివరాలతో చెరో కార్డు ఇచ్చారు. పెద్దది ధనశ్రీకి 1997 ఆగస్టులో, మూడేళ్లప్పుడు. సాయిదుర్గకి 1999లో, ఏడాది నిండాక. ధనశ్రీ 2000 వానాకాలంలో మెదడువాపు జ్వరంతో పోయింది. మిషను తప్పేమీ లేదనీ, అది చివరిదాకా పనిచేస్తూనే ఉందనీ డాక్టరు చెప్పాడు. ఆ మాట గురువులు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఫిబ్రవరిలో సాయిదుర్గ బడిలో కళ్లు తిరిగి పడిపోయింది. ఎక్స్‌రే తీస్తే విషయం తెలిసింది. పిల్ల పెరిగింది, మిషను నుంచి గుండెకి వెళ్లే తీగ పెరగలేదు. తీగ బిగిసిపోయి ఊడొచ్చేలా ఉంది. హైదరాబాదులో మార్చాలి. రైల్లో పన్నెండు గంటలు వద్దని డాక్టరు అన్నాడు. ఒక ట్రస్టు వాళ్లు రెండు టికెట్లు ఇచ్చారు. మెటల్ డిటెక్టర్ గేటు కింద నుంచి పిల్లని నడిపించొద్దు, చేతి డిటెక్టరు కడుపు మీద పెట్టనివ్వొద్దు, కార్డు చూపిస్తే వాళ్లే చేత్తో తడిమి పంపిస్తారు అని డాక్టరు మూడుసార్లు చెప్పాడు.

వేటకెళ్లేవాళ్లు తడవకూడని వస్తువుని పాలిథిన్‌లో చుట్టి, అంచుని దీపం సెగకి కరిగించి అతికిస్తారు. అగ్గిపెట్టె అయినా, బోటు కాగితమైనా అంతే. అతికించిన పాకెట్టుని అవసరం పడేదాకా కొయ్యరు. గురువులు పిల్లల కార్డులు కూడా అలాగే అతికించాడు. ధనశ్రీని పాతిపెట్టినప్పుడు గౌను, గాజులు, పలక ఆమెతోనే పెట్టారు. కార్డు కూడా పెట్టేశానని భార్య గంగాలమ్మతో చెప్పాడు. పెట్టలేదు. ట్రంకుపెట్టెలో బట్టల అడుక్కి తోసేశాడు. సాయిదుర్గ కార్డూ అదే పెట్టెలో ఉండేది. నాలుగేళ్లకి పాలిథిన్ రెండింటిదీ ఒకేలా మసకబారింది.

పొద్దున్న ఇంట్లో బయల్దేరుతుంటే గంగాలమ్మ ఒకసారి కోసి చూసుకోమంది. అక్కర్లేదన్నాడు.

"ఇమానవెక్కుతన్నావు మావా, బోటు కాదు. కోత్తే ఏటవుద్ది?" అంది గంగాలమ్మ.

కొయ్యలేదు. ఇప్పుడామె విమానాశ్రయం బయట కటకటాల దగ్గర నిలబడి ఉంది. ఆమెకి టికెట్టు లేదు, లోపలికి రానివ్వరు.

పాకెట్టుని బ్లేడుతో కోసింది సబ్ ఇన్‌స్పెక్టర్ సన్యాసిరాజు. కార్డు చదివి టికెట్టు చూశాడు. మళ్లీ కార్డు చూశాడు. టికెట్టు మీద సాయిదుర్గ అని ఉంది, కార్డు మీద ధనశ్రీ అని ఉంది. సరైన కార్డు తెమ్మన్నాడు. అది ఇంట్లో ఉంది, ఆటోలో పోయి రావడానికి గంటన్నర. కార్డు లేకపోతే అందర్లాగే పిల్ల కూడా గేటు కింద నుంచి రావాలన్నాడు. గురువులు పిల్లని వెనక్కి లాగి రెండు చేతుల్తో పట్టుకున్నాడు. లైన్లో వెనకున్నాయన, సంతలో బేరమా ఇది అని గొణిగాడు.

"ధనశ్రీ ఎవరు?" అని సన్యాసిరాజు అడిగాడు.

"పెద్దదండి బాబూ."

"ఎక్కడుంది?"

 "ఇసకలో ఉందండి," అన్నాడు గురువులు.

సన్యాసిరాజు బ్లేడు బల్ల మీద పెట్టేశాడు.

సాయిదుర్గని మహిళా కానిస్టేబులు నూకాలు పరదా వెనక్కి తీసుకెళ్లింది. ఆమెది ఎలమంచిలి. పరదాకి ఇవతల గురువులుకి మాటలు వినపడుతున్నాయి.

"ఏటే ఇది, బిస్కట్టు మింగేసావేటి?"

"బిస్కట్టు కాదు, మిసను. మా అక్కకీ ఉంది."

నూకాలు పిల్ల గౌను సర్దింది. బయటికొచ్చి, కడుపు మీద కోత గుర్తుందనీ, చర్మం కింద మిషను చేతికి తగులుతోందనీ చెప్పింది. అప్పటికి పది ఇరవై ఎనిమిది.

సన్యాసిరాజు తెల్లకాగితం తీశాడు. తండ్రి స్టేట్‌మెంటు ఇస్తే, కానిస్టేబులు సంతకం పెడితే, చేత్తో తడిమి పంపిస్తానన్నాడు. కార్డు వేరొకరి పేరు మీద ఎందుకుందో అందులో ఉండాలన్నాడు. ధనశ్రీ చనిపోయిన తేదీ అడిగాడు. గురువులు ఆగస్టు 22 అని చెప్పాడు. నాలుగేళ్లలో ఆ తేదీని పైకి అనడం అదే మొదలు.

"ఆ మిషను తీయించేశారా?"

"లేదండి."

"ఆగిపోయిందా?"

"అది తెల్దండి."

సన్యాసిరాజు కలం ఆపి ఆయన వైపు చూశాడు.

పాతిపెట్టిన మూడో రోజు తెల్లారగట్ల గురువులు ఒక్కడే అక్కడికి వెళ్లాడు. మిషను ఎనిమిదేళ్లు పనిచేస్తుందని పెట్టినప్పుడే డాక్టరు చెప్పాడు. అప్పటికి మూడేళ్లే అయ్యాయి. ఇసక మీద బోర్లా పడుకుని చెవి ఆనించాడు. ఏదో కొట్టుకుంది. అది కెరటమో, తన గుండో, ఇంకొకటో తేల్చుకోలేకపోయాడు. ఆ తర్వాత మళ్లీ అటు వెళ్లలేదు. బోటుని కూడా అటువైపు ఒడ్డుకి తీసుకురాడు. రాత్రి సాయిదుర్గ పక్కన పడుకుంటే మాత్రం పిల్ల కడుపు మీద చెయ్యి వేస్తాడు, లెక్కపెడతాడు. నలభై దాటాక ఆ లెక్క ఎవరిదో ఆయనకి తెలియదు.

సన్యాసిరాజు స్టేట్‌మెంటు చదివి వినిపించాడు. అందులో 'ఆగిపోయిందో లేదో తెలియదు' అనే మాట లేదు. గురువులు వేలిముద్ర వేశాడు. పూర్తయిందనుకుని కార్డు కోసం చెయ్యి చాపాడు. కార్డు కాగితానికి జతచేయాలనీ, తిరిగివ్వడం కుదరదనీ సన్యాసిరాజు చెప్పాడు.

"అదొక్కటే ఉందండి," అన్నాడు గురువులు.

మైకులో హైదరాబాదు ప్రయాణికుల్ని చివరిసారి పిలిచారు. సాయిదుర్గ ఆయన వేలు పట్టుకుని లాగింది.

"నానా, అక్క కార్డు ఇచ్చీ. రా."

ఇచ్చాడు. నూకాలు పిల్లని గేటు పక్కనుంచి తీసుకెళ్లి అవతల వదిలింది.

విమానం పది యాభై ఏడుకి లేచింది. సముద్రం మీద తిరిగేటప్పుడు సాయిదుర్గ కిటికీకి ముక్కు ఆనించి మన పేట ఎక్కడని అడిగింది. గురువులు కిందికి చూడలేదు. పిల్ల కడుపు మీద చెయ్యి వేసి కూర్చున్నాడు.

తీగ మార్చే ఆపరేషను మార్చి 11న జరిగింది. 19న తండ్రీకూతుళ్లు కొత్త కార్డుతో ఇంటికొచ్చారు.

ధనశ్రీ కార్డు స్టేట్‌మెంటుతో పాటు విమానాశ్రయం ఫైల్లో ఉంది. కార్డులో నాలుగు గడులు. మొదటి దాంట్లో పేరు, రెండో దాంట్లో పెట్టిన తేదీ, మూడో దాంట్లో మిషను నంబరు. నాలుగో గడిలో బ్యాటరీ గడువు: ఆగస్టు 2005.